ఏప్రిల్‌లో క్రీట్ వెళ్తున్నారా? ఏ మొక్కలు చూడాలి, ఏవి ముట్టుకోకూడదు

మీరు అడిగింది ఇది: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఏప్రిల్ రెండో వారంలో ఎనిమిది రోజులు గ్రీసు దేశపు క్రీట్ ద్వీపానికి వెళ్తున్నారు, గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మగారు కూడా ఉంటారు, ఆవిడకి మొక్కలంటే ప్రాణం, మోకాళ్ల నొప్పి వల్ల ఎక్కువ నడవలేరు. అక్కడ ఏం చూపించాలి, ఆలివ్ మొక్కో విత్తనమో ఇంటికి తెచ్చుకోవచ్చా అని. నేను కాలేజీలో ముప్ఫై ఏళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యాను, మా అమ్మాయి యూరప్‌లో ఉండటం వల్ల క్రీట్ నాలుగుసార్లు వెళ్లాను, మూడుసార్లు వసంతంలో, ఒకసారి ఆగస్టులో. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం అమ్మగారికి చెప్పండి, మిగతావన్నీ ఆవిడే పట్టేస్తారు. మనకి వానా వేడీ కలిసి వస్తాయి. జూన్‌లో తొలకరి పడగానే బీడు భూమి కూడా పచ్చబడుతుంది, చలికాలానికి ఆరిపోతుంది. క్రీట్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ వానలన్నీ అక్టోబరు నుంచి మార్చి దాకా, అంటే చలికాలంలో. ఎండలు మొదలైతే ఇక చుక్క పడదు, జూన్, జులై, ఆగస్టు ఆకాశం వైపు చూడటమే. మొక్కకి నీళ్లున్నప్పుడు వేడి లేదు, వేడి ఉన్నప్పుడు నీళ్లు లేవు. ఈ రెండూ కాస్త కాస్త కలిసి దొరికేది మార్చి, ఏప్రిల్, మహా అయితే మే సగం వరకు, అందుకే ఆ పది వారాల్లో కొండ మొత్తం ఒక్కసారిగా పూస్తుంది, ఆత్రంగా పూస్తుంది, మే చివరికి గింజ రాల్చేసి గడ్డి రంగుకి తిరిగిపోతుంది. మీరు వెళ్తున్నది సరైన సమయానికే, ఆ విషయంలో టెన్షన్ వద్దు.

ఆగస్టులో నేను వెళ్లినప్పుడు మొదటి రెండు రోజులు చాలా నిరుత్సాహపడ్డాను. కొండలు గోధుమ రంగులో, ముళ్ల పొదలు తప్ప ఏం లేవు. మూడో రోజు దారి పక్కన, రాయిలా గట్టిపడ్డ నేలలోంచి, ఒక్క ఆకైనా లేకుండా, నా ఛాతీ ఎత్తున తెల్లని పూల గెల ఒకటి నిటారుగా నిలబడి కనిపించింది. దగ్గరికి వెళ్లి మొదట్లో మట్టి తీసి చూస్తే గుమ్మడికాయంత ఉల్లిపాయ. అది సముద్రపు నక్కవుల్లి. మన చెలకల్లో, గుట్టల మీద వచ్చే నక్కవుల్లిగడ్డకి సొంత చుట్టం. చలికాలమంతా ఆకులతో తిండి దాచుకుంటుంది, ఎండలకి ఆకులు వదిలేస్తుంది, ఎవరూ పూయని నెలలో తను పూస్తుంది, ఆ నెలలో తిరిగే తేనెటీగలన్నీ దానివే. మీరు ఏప్రిల్‌లో దీని పూలు చూడలేరు గానీ బెత్తెడు వెడల్పు ఆకుల గుత్తులు వాడిపోతూ కనిపిస్తాయి. క్రీట్ వాళ్లు కొత్త సంవత్సరానికి ఈ గడ్డని తవ్వి తెచ్చి గుమ్మానికి వేలాడదీస్తారు, నేలలోంచి పీకేసినా చిగురు వేసేంత ప్రాణం దానికుంది కాబట్టి ఇంటికి కలిసొస్తుందని నమ్మకం. మనవాళ్లు గుమ్మానికి పటికో కలబందో కట్టినట్టే అనుకోండి. గడ్డ మాత్రం విషం, రసం తగిలితే దురద.

ఇక ఏప్రిల్ సంగతికి వద్దాం. విమానం దిగి కారెక్కగానే మొదట కనిపించేవి ఆలివ్ తోటలు, వాటి కింద నేలంతా పరుచుకున్న నిమ్మపండు రంగు పూలు. అందరూ ఆగి ఫోటోలు తీసేది ఆ పసుపు తివాచీనే. అమ్మగారిని ఆ ఆకు చూడమనండి, మూడు గుండెకాయలు అతికించినట్టుంటుంది, నమిలితే పులుపు. ఆవిడ వెంటనే "ఇది పులిచింత కదా" అంటారు. నిజమే, పులిచింత జాతే, కానీ ఈ రకం దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది, నేలలో చిన్న చిన్న గడ్డల ద్వారా పాకి ఇప్పుడు మధ్యధరా తీరమంతా ఆక్రమించేసింది. దున్నే కొద్దీ ఆ గడ్డలు చెల్లాచెదురై ఇంకా పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యకి దాని జోరు తగ్గుముఖం పడుతుంది.

ఇక్కడే నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. మధ్యధరా అనగానే పోస్టుకార్డుల మీద కనిపించేవి చాలావరకు వలస వచ్చినవి. రోడ్డు పక్కన మనిషి ఎత్తు పెరిగే నాగజెముడు, బురుజు లాంటి కిత్తనార మెక్సికో నుంచి వచ్చాయి, స్పెయిన్ వాళ్ల ఓడల తర్వాతే అవి ఈ తీరానికి తెలుసు. తెల్లగోడల మీద పాకే కాగితపు పూలు దక్షిణ అమెరికావి. టమాటా కూడా అంతే. నిమ్మ, నారింజలది ఆసియా. ఆ నారింజ సంగతి అమ్మగారికి తప్పక చెప్పండి, చేదు నారింజని గ్రీకులో నెరాంజీ అంటారు. మన దేశపు మాటే పర్షియా మీదుగా, అరబ్బుల మీదుగా అంతదూరం నడిచి వెళ్లింది. మీరు వెళ్లే వారానికి హన్యా ఊరి చుట్టుపక్కల నారింజ తోటలు పూతలో ఉంటాయి, సాయంత్రం కారు అద్దాలు దించండి చాలు. ఆ చేదు నారింజ తొక్కల్ని చుట్టలు చుట్టి పాకంలో పెట్టి, ఇంటికొచ్చిన వాళ్లకి చిన్న గిన్నెలో చెంచాతో ఇస్తారు, మంచినీళ్ల గ్లాసుతో పాటు.

అదే సమయంలో, మనం మన పెరటి మొక్క అనుకుని దాటిపోయేవి అక్కడ అసలు సిసలు అడవి మొక్కలు. గన్నేరే తీసుకోండి. మనకి శివుడి గుడి దగ్గర, హైవే మధ్య డివైడర్ మీద కనిపించే గన్నేరు అక్కడ ఎండిపోయిన వాగుల్లో బండరాళ్ల మధ్య తనంతట తాను పెరుగుతుంది. నేల పైన నీళ్లు లేకపోయినా ఇసుక కింద తడి ఉంటుంది, దాని వేళ్లు అక్కడికి చేరతాయి. కొండ మీద నుంచి చూస్తే వాగు దారి ఎటుందో గన్నేరు వరసని బట్టి చెప్పేయొచ్చు. ఏప్రిల్‌లో మొగ్గలే ఉంటాయి, మే చివర్లో వాగులన్నీ గులాబీ రంగవుతాయి. దాని పక్కనే పిడికెడు వేళ్లలా చీలిన ఆకులతో ఒక పొద ఉంటుంది, ఆకు నలిపి వాసన చూడమనండి. వావిలి! మన బాలింతలకి నీళ్లలో వేసే వావిలాకు కాదు, దాని తోబుట్టువు లాంటి ఇంకో జాతి, కానీ ఆ ఘాటు చూసి మా ఆవిడ అక్కడే రాయి మీద కూర్చుని వాళ్ల అమ్మని తలుచుకుంది.

వాసన అన్నాను కదా, అది క్రీట్ కొండల అసలు గుట్టు. గ్రీకు వాళ్లు మోకాలెత్తు ముళ్ల పొదలుండే రాతి నేలని ఫ్రిగానా అంటారు. దూరం నుంచి చూస్తే గొర్రెల మంద పడుకున్నట్టు గుండ్రని పొదలు. కారు ఆపి పది అడుగులు లోపలికి వెయ్యండి, చెప్పుల కింద ఏదో నలుగుతుంది, గుప్పున వాసన వస్తుంది. థైమ్, సేజ్, ఒరెగానో, అన్నీ తులసి కుటుంబమే. అమ్మగారిని కొమ్మని రెండు వేళ్ల మధ్య తిప్పి చూడమనండి, తులసి కాడలాగే నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకు చిన్నది, అంచులు లోపలికి చుట్టుకుని, వెనకవైపు బూజులా నూగు, లోపల నూనె. నీళ్లు ఆవిరై పోకుండా ఆ నూగు, మేకలు మేయకుండా ఆ నూనె. కొన్ని పొదలు నూనెకి బదులు ముళ్లు పెట్టుకున్నాయి. క్రీట్‌లో మేకలూ గొర్రెలూ వేల ఏళ్లుగా మేస్తున్నాయి, వాటికి తట్టుకున్నదే మిగిలింది. పొడుగు కాడ మీద తెల్లటి నక్షత్రాల్లాంటి పూలు గుంపులు గుంపులుగా కనిపిస్తే, దాన్ని అస్ఫోడెల్ అంటారు, చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ ఆ నేలని మందలు బాగా మేసేశాయని అర్థం, ఎందుకంటే దాన్ని మేకలు ముట్టవు.

దీనిలోంచే మీకు ఒక చిట్కా. అమ్మగారు ఎక్కువ నడవలేరన్నారు కాబట్టి కొండలు వదిలేసి పాత శిథిలాలకి తీసుకెళ్లండి. క్నోసోస్ ఎలాగూ వెళ్తారు, అక్కడ జనం ఎక్కువ. హన్యా దగ్గర ఆప్తెరా, దక్షిణాన ఫైస్తోస్, తూర్పున లాతో, ఇవన్నీ కంచె వేసిన పురావస్తు స్థలాలు. కంచె ఉంటే మేక రాదు, మేక రాకపోతే పూలు బతుకుతాయి. ఆప్తెరాలో రోమన్ల కాలం నాటి నీటి తొట్ల చుట్టూ ఎర్ర గసగసాల పూలు, పసుపూ తెలుపూ కలిసిన చామంతి లాంటి పూలు నడుము ఎత్తున ఉంటాయి. ఆ ఎర్ర పూలు మనం వంటలో వాడే గసగసాలవి కావు, అదే జాతిలో ఇంకో రకం. ఆ చామంతి లేత చిగుళ్లని అక్కడి వాళ్లు కూర వండుకుంటారు. గోడ పగుళ్లలోంచి ఊదారంగు పూల గెలలు వేలాడుతుంటే అది పెట్రోమరూలా, రాతి మీద పెరిగే ఆకుకూర అనుకోండి, ప్రపంచంలో క్రీట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ ద్వీపానికే సొంతమైన మొక్కలు నూటయాభైకి పైనే ఉన్నాయి. మొత్తం పొడవు 260 కిలోమీటర్లున్న ద్వీపానికి ఇది చాలా ఎక్కువ. నిట్టనిలువు లోయలు, మేక కాలు పెట్టలేని కొండ చరియలు ఉండటమే కారణం.

కొండచరియ అనగానే దిక్తమో అనే మొక్క గుర్తొస్తుంది. గుండ్రని ఆకులు, తెల్లని ఉన్ని కప్పినట్టు మెత్తగా ఉంటాయి, చెవి తమ్మె పట్టుకున్నట్టే. బాణం దిగిన అడవి మేకలు ఈ ఆకు తింటే బాణం ఊడిపడుతుందని క్రీస్తు పూర్వమే అరిస్టాటిల్, ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ రాసిపెట్టారు. క్రీట్ వాళ్లు దీన్ని ఎరోందాస్ అని కూడా అంటారు, ప్రేమ అనే మాట నుంచి పుట్టిన పేరు, ప్రేమించిన పిల్ల కోసం చరియలెక్కి కోసుకొచ్చిన కుర్రాళ్లని బట్టి. ఇప్పుడు ఎంబరోస్ ఊరి చుట్టుపక్కల పొలాల్లో సాగు చేస్తున్నారు, ఎండిన ఆకు ప్యాకెట్లు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, టీ పెట్టుకోవడానికి. చరియ మీద కనిపించినది కోయకండి, అంగట్లో కొనండి.

ఒక్క రోజు కారు తీసుకుని స్పిలి ఊరి పైనున్న గియూస్ కాంపోస్ మైదానానికి వెళ్లండి. కారు దిగితే చాలు, నడక దాదాపు అక్కర్లేదు. పొలాల మధ్య చిన్న ఎర్ర తులిప్ పూలు ఉంటాయి, హాలెండ్ తోటల్లో చూసినవాటికి ముత్తవ్వల్లాంటివి, జానెడు ఎత్తు. అవి కూడా ఆ ద్వీపానివే. ఇంక చుట్టూ పొదల మధ్య ఆర్కిడ్లు. ఆర్కిడ్ అంటే పెళ్లి బొకేల్లో పెద్ద పువ్వు ఊహించుకోకండి, బొటనవేలి గోరంత పువ్వు, మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనిపించదు. ఓఫ్రిస్ అనే జాతి పువ్వు కింది రేకు అచ్చం తేనెటీగ ఒళ్లులా ఉంటుంది, గోధుమ రంగు మఖమల్, అంచున నూగు, నడుమ మెరిసే నీలి మచ్చ. మొదటిసారి చూసినప్పుడు నేను పువ్వు మీద ఈగ వాలిందనుకుని తోలబోయాను. అది ఆకారంతోనే ఆగదు, ఆడ ఈగ వాసననే తయారుచేస్తుంది. మగ ఈగ జత కడదామని వాలుతుంది, తేనె దొరకదు, పుప్పొడి ముద్దలు మాత్రం తలకి అంటుకుంటాయి, ఇంకో పువ్వు దగ్గర మళ్లీ మోసపోయి అక్కడ అంటిస్తుంది. ఒక్కో రకం ఓఫ్రిస్‌కి ఒక్కో రకం ఈగ. ముప్ఫై ఏళ్లు ఇది నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను, ఆ రోజు గంటన్నర ఒక మొక్క ముందు కూర్చుంటే ఈగ నిజంగా వచ్చింది, ఆ క్షణం నేను చచ్చేదాకా మర్చిపోను. దయచేసి వీటిని తవ్వకండి, కుండీలో బతకవు, వాటికి వేళ్లలో ఒక బూజు తోడుండాలి. ఎక్కడ అడుగేస్తున్నారో కూడా చూసుకోండి.

దారిలో మన వంటింటి చుట్టాలు ఇంకా తగులుతాయి. రోడ్డు పక్కన రెండు మీటర్ల ఎత్తు కాడ, పైన పసుపు పూల గొడుగులు, కింద సన్నని దారాల్లాంటి ఆకు, అది ఫెరులా, మన ఇంగువ మొక్కకి అక్క వరస. ఇంగువ మాత్రం దీన్నుంచి రాదు, ఇరాన్, అఫ్గనిస్తాన్ వైపు పెరిగే జాతి నుంచి వస్తుంది. దీని ఎండిన కాడ లోపలి బెండు పైకి మంట కనపడకుండా నెమ్మదిగా రాజుకుంటూ ఉంటుంది, గ్రీకు పురాణంలో ప్రోమిథియస్ దేవతల దగ్గర నిప్పు దొంగిలించి తెచ్చింది ఈ కాడలోనే. ఇది సోపు మొక్కలా కనిపిస్తుంది కానీ సోపు వాసన ఉండదు, పశువులకి విషం, నోట్లో పెట్టకండి. అసలు సోపు కూడా పక్కనే ఉంటుంది, నలిపితే సందేహం ఉండదు. ఊదారంగు నల్లబడి ముదిరినట్టు మూరెడు పొడుగు దోనె లాంటి పువ్వు, మధ్యలో నల్లని కడ్డీ, చచ్చిన ఎలుక కంపు, అది కనిపిస్తే అదృష్టమే. మన కంద కుటుంబం అది, కంద పువ్వు వాసన తెలిసిన అమ్మగారు ఇట్టే పట్టేస్తారు. ఈగలూ పురుగులూ శవం అనుకుని వస్తాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎక్కువ, మీకు ముందుగా ఒకటో రెండో దొరకొచ్చు.

పాడుబడ్డ దొడ్ల దగ్గర, చెత్త దిబ్బల మీద గరుకు ఆకుల దోస పాదు లాంటిది నేల మీద పరుచుకుని ఉంటే, దాని వేలెడు కాయల్ని పిల్లలూ పెద్దలూ ముట్టుకోవద్దు. పండిన కాయ తొడిమ నుంచి ఊడగానే లోపలి నీళ్లు గింజలతో సహా తుపాకీలా చిమ్ముతుంది, కొన్ని మీటర్ల దూరం. నాతో వచ్చిన ఒకాయన వంగి చూస్తుంటే కళ్లలో పడింది, సాయంత్రం దాకా కళ్లు వాచిపోయి ఉన్నాయి. దూరం నుంచి పొడుగాటి కర్రతో తట్టి చూడండి, అద్భుతంగా ఉంటుంది.

తిండి సంగతి. అమ్మగారు శాకాహారమైతే క్రీట్ లాంటి చోటు యూరప్‌లో ఇంకోటి ఉండదు. హోటల్లో "హోర్తా" అని అడగండి, అడవి ఆకుకూరలు ఉడకబెట్టి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి ఇస్తారు. వాటిలో స్తామ్నగాథి అనేది కాస్త చేదు, ముళ్ల పొద లేత ఆకు అది, నాకు చాలా ఇష్టం. వేసవిలో వెళ్తే వ్లీతా ఇస్తారు, అది మన తోటకూరే, పేరు మారింది అంతే. గంగపాయల కూర కూడా ఎండాకాలంలో పచ్చిగా సలాడ్‌లో వేస్తారు. మీరు మాత్రం సొంతంగా కోసి వండకండి, అక్కడి ముసలమ్మలకి చిన్నప్పటి నుంచి తెలిసిన పని అది, ఒక్కరోజులో వచ్చేది కాదు.

కారబ్ చెట్టు మీద చింతకాయ కంటే వెడల్పుగా, నల్లగా, బల్లపరుపు కాయలు వేలాడుతుంటే పాత కాయ ఒకటి కొరికి చూడొచ్చు, తాటి బెల్లం రుచి. చింత కుటుంబమే. బంగారానికి క్యారెట్ అంటామే, ఆ మాట ఈ గింజ గ్రీకు పేరు నుంచే వచ్చింది, ఒకప్పుడు తూకానికి వాడేవారు.

ఇక ఆలివ్. అమ్మగారికి అది మల్లె కుటుంబం అని చెప్పండి, పారిజాతం కూడా అందులోదే. మేలో పూసే ఆ పిసరంత తెల్లటి పూలు చూస్తే నమ్మబుద్ధవుతుంది. హన్యాకి పశ్చిమాన వూవెస్ ఊళ్లో రెండు వేల ఏళ్లు పైబడిందంటున్న చెట్టు ఉంది, మాను లోపల బోలు, కరిగిన మైనం ఆరినట్టు మెలికలు. ఇప్పటికీ కాస్తుంది. కారు చెట్టు దాకా పోతుంది, మోకాళ్ల నొప్పి ఉన్నా చూడొచ్చు. చెట్టు మీది కాయ కొరకొద్దని మాత్రం చెప్పండి, ఉప్పునీటిలో వారాల తరబడి ఊరితే గానీ ఆ చేదు దిగదు.

గుంటూరులో పెంచొచ్చా అంటే, మొక్క బతుకుతుంది, ఆకులు వేస్తుంది, కాయదు. పూత రావాలంటే దానికి రెండు నెలలైనా గట్టి చలి తగలాలి, మన కోస్తాలో అది లేదు. రాజస్థాన్‌లో 2007 నుంచి ఇజ్రాయెల్ సాయంతో సాగు మొదలుపెట్టారు, అక్కడ చలికాలం రాత్రులు వేరు. తెచ్చుకోవడం సంగతైతే, మొక్కలు, కొమ్మలు, దుంపలు, విత్తనాలు ఏవీ సామానులో పెట్టుకోవద్దు. 2003 నాటి మన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందస్తు పర్మిట్, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దేశంలోకి తేవడం కుదరదు. ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. దక్షిణ ఇటలీలో జైలెల్లా అనే బ్యాక్టీరియా 2013లో బయటపడి లక్షల ఆలివ్ చెట్లని ఎండబెట్టింది, అది బయటి నుంచి వచ్చిన అలంకార మొక్కతోనే వచ్చి ఉంటుందని అంటారు. ఆ పులిచింత కథ కూడా అలాంటిదే కదా.

సమారియా లోయ గురించి కూడా అడిగారు. అది మామూలుగా మే 1న తెరుస్తారు, 16 కిలోమీటర్ల దిగుడు, ఈసారికి వదిలేయండి. బదులుగా ఇంబ్రోస్ లోయ కింది చివర నుంచి అరగంట లోపలికి వెళ్లి వెనక్కి రండి, చరియల మొక్కలు అక్కడా కనిపిస్తాయి.

ఫోటోలు తీసేటప్పుడు పువ్వొక్కటే కాకుండా ఆకు, కాడ మొదలు కూడా తీయండి, పక్కన నాణెమో పెన్నో పెట్టండి, ఏ ఊరు, ఏ తేదీ రాసుకోండి. ఓఫ్రిస్ అయితే ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఉంటేనే రకం తేల్చగలం. వచ్చాక ఇక్కడే పెట్టండి, ఒక్కోటీ చూసి పేర్లు చెప్తాను. అమ్మగారికి నా నమస్కారాలు.